తరుగు

ఇరవై ఆరేళ్లు గుంటూరు మిర్చియార్డులో
కాటా దగ్గర నిలబడ్డాను.
నిలబడ్డాననడం అబద్ధం.
కూర్చున్నాను.
మొదట స్టూలు మీద, తర్వాత ప్లాస్టిక్ కుర్చీలో,
కుర్చీ కాలు నెర్రె ఇచ్చాక
రెండు కుర్చీలు ఒకదాంట్లో ఒకటి దోపుకుని.

టిక్కీ కాటా ఎక్కేది. అంకె అరిచేవాణ్ణి.
గోనెకింత, తేమకింత, తాలుకింత
తరుగు రాసేవాణ్ణి.
రైతు ఏదో అనబోయి దగ్గేవాడు.
యార్డులో దగ్గుకి అర్థం ఉండదు,
అందరూ దగ్గుతారు.

పదకొండింటికి టీ, అడుగున కరగని చక్కెర.
షావుకారు తాగితే మనమూ తాగాలి గనక
పన్నెండింటికి ఇంకోటి.
మధ్యాహ్నం క్యారేజీ నిండా తెల్లన్నం,
గోంగూరతో ఒక కుప్ప, పెరుగుతో ఒక కుప్ప,
మధ్యలో కూర ఉండేది, బొట్టుపెట్టినట్టు.
సాయంత్రం చుట్టుగుంట బండి మీద బజ్జీలు,
ఎన్నో చెప్పలేను.
పగలంతా లెక్కలు రాసినవాణ్ణి
సాయంత్రం కూడా లెక్కపెట్టమంటే ఎలా?

ఒకరోజు ఎడమ చెప్పు దారిలో జారిపోయింది.
గుమ్మంలో సామ్రాజ్యం అడిగిందాకా నాకు తెలీదు.
ఎప్పట్నుంచో మరి,
నేల నా పాదంతో మాట్లాడ్డం మానేసింది.

బ్రాడీపేట డాక్టరమ్మ కాగితం తిప్పి చూపించింది.
"ఇది మూడు నెలల సగటండీ,
నిన్నొక్కరోజు పస్తుండి వస్తే దాగేది కాదు."
అడుగున తడికాయ పోసి
పైన ఎండుకాయ పరిచిన సంచులు గుర్తొచ్చాయి.
బొరిగె గుచ్చి పట్టేసేవాణ్ణి నేను.
ఇప్పుడు నా వేలికొస గుచ్చారు.

హమాలీ మీరావలితో అన్నాను,
"నీకేంరా, పొద్దస్తమానం కసరత్తే."
లుంగీ పైకి లాగి మోకాలు చూపించాడు,
గుమ్మడిపిందె అంత వాపు.
"ఇది కసరత్తా గుమస్తాగారూ?
కసరత్తయితే చాలనిపించినప్పుడు ఆపొచ్చుగా."
జొన్నరొట్టె తుంచి, కూతురు పెట్టిన గుడ్డు ఒలుచుకుంటూ
ఇంకేం మాట్లాడలేదు.
నేనూ మాట్లాడలేదు.

ఇంట్లో సామ్రాజ్యం బియ్యం కొలిచే సోల మార్చింది.
మూడ్రోజులు మా మధ్య మాటల్లేవు.
నాలుగోరోజు సొరకాయ కూర బాగుందన్నాను.
బాగాలేదు.
ముందు కూర, తర్వాత పప్పు, అన్నం ఆఖర్న,
ఇదీ ఆవిడ పెట్టిన వరస.
అన్నం దాకా వచ్చేసరికి
ఆకలి సగం దారిలోనే దిగిపోయేది, చిత్రంగా.

తిన్న వెంటనే టిక్కీల వరసల మధ్య నడిచేవాణ్ణి.
ఇటు తేజ, అటు బాడిగ, మధ్యన నేను,
కర్చీఫు ముక్కుకి అడ్డంపెట్టుకుని.
కుర్రగుమస్తాలు నవ్వారు.
ఒకడు సెల్లులో వీడియో కూడా తీశాడు,
తర్వాత వాడే వెనకాల నడవడం మొదలెట్టాడు,
వాళ్ల నాన్నకి డయాలసిస్సని చెప్పాడు, రెండో చుట్టులో.

రెండో నెలకి
రాత్రి నాలుగుసార్లు లేచేది ఒకసారయింది.
ఆఫీసు మెట్లెక్కితే
ఊపిరి కింద ఉండిపోకుండా నాతోపాటే పైకొచ్చింది.
గాలి మోటారు కొట్టించిన సైకిలులా
పొద్దున్నే ఒళ్లు ఊరికే ముందుకి పోయేది.
పాదం మాత్రం ఇంకా సగం మాటే ఆడుతోంది.
ఆ మిగతా సగం రాకపోవచ్చని
డాక్టరమ్మ దాచకుండా చెప్పింది.

మొన్న ఆఖరి లారీ వెళ్లాక కాటా ఎక్కాను.
మీరావలి వంగి అంకె చదివాడు:
"ఎనభై మూడున్నర!"
పోయిన సంక్రాంతి ముందు తొంభై ఒకటి.
"గోనెకెంత తీసెయ్యమంటారు?" అన్నాడు.
ఇద్దరం నవ్వి, నవ్వి, దగ్గాం.

మర్నాడు ప్రత్తిపాడు నుంచి ఒక ముసలి రైతు,
పదకొండు టిక్కీలు.
అలవాటు చెయ్యి అలవాటు అంకె వెయ్యబోతుంటే
పెన్ను ఆగింది.
నా ఒంట్లో ఏడున్నర కిలోలు తరగడానికి
ఏడు నెలలు పట్టింది.